బోర్డు మీద పేరు, రిజిస్టర్‌లో పేరు: సైకాలజిస్టు సంఘ నాయకత్వానికి చేరే దారి

విజయవాడ సూర్యారావుపేటలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే ఆసుపత్రుల బోర్డుల మధ్యలో 'సైకాలజిస్ట్', 'కౌన్సెలర్', 'ఫ్యామిలీ కౌన్సెలింగ్', 'హిప్నోథెరపీ' అని రాసిన చిన్న బోర్డులు కనిపిస్తాయి. గుంటూరు కొత్తపేటలోనూ అంతే. ఇంటర్ చదివే కొడుకు పది రోజులుగా సరిగా తినడం లేదని, రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని కంగారుపడి తెనాలి నుంచో నూజివీడు నుంచో బస్సెక్కి వచ్చిన తల్లికి ఆ బోర్డుల వెనక ఎవరున్నారో తెలుసుకునే దారి లేదు. కంటి డాక్టరని రాసి ఉంటే ఆమె ధైర్యంగా లోపలికి వెళ్తుంది. ఆ ధైర్యం వెనక మెడికల్ కౌన్సిల్ ఉంది. మనసు సంగతికొచ్చేసరికి అలాంటి ఆధారం సగమే ఉంది. మిగతా సగాన్ని ఎవరు నిలబెట్టాలి అన్నదే సైకాలజిస్టుల వృత్తి సంఘాల ముందున్న అసలు ప్రశ్న. ఒక సైకాలజిస్టు ఆ సంఘానికి కార్యదర్శి ఎలా అవుతారు, అధ్యక్ష స్థానానికి ఎలా చేరతారు అన్నది పైకి వాళ్ళ ఇంటి గొడవలా అనిపిస్తుంది. కానీ ఆ తల్లికి చివరకు ఎవరు ఎదురవుతారన్నది ఆ దారి ఎలాంటిదన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంది.

చట్టం ఎంతదాకా వచ్చిందో ముందు చూడాలి. 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు, అంటే రోగులను పరీక్షించి మనసుకు చికిత్స చేసే సైకాలజిస్టులు, కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. వృత్తిలో ఉన్నవాళ్ళు దాన్ని 'సీఆర్ఆర్ నంబరు' అంటారు. 2017లో వచ్చి 2018లో అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. ఎమ్మే సైకాలజీ ఒక్కటే చాలదు. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, రోగుల మధ్య శిక్షణ పొంది ఉండాలి. రెండేళ్ళ ఎంఫిల్ ఇన్నాళ్ళూ ఆ శిక్షణకు ప్రధాన ద్వారం. క్లినికల్ కాని సైకాలజిస్టులను 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం తన జాబితాలోకి తీసుకుంది. కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. వీధిలో మాత్రం ఆరు వారాల కోర్సు చేసినవాళ్ళూ, రెండేళ్ళు వార్డులో తిరిగి నేర్చుకున్నవాళ్ళూ పక్కపక్కనే ఒకే రకం బోర్డు పెట్టుకుంటున్నారు.

ఈ చట్టాలేవీ వృత్తి సంఘాన్ని పుట్టించలేదు. న్యాయవాదుల విషయంలో బార్ కౌన్సిల్‌కు ఉన్న అధికారం సైకాలజిస్టుల సంఘానికి లేదు. లైసెన్సు ఇవ్వలేదు, తీసేయలేదు. మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు మామూలుగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. దానికి ఏడుగురు మనుషులు, ఒక మెమొరాండం, బైలాస్ ఉంటే చాలు. అంటే ఏడుగురు ఒక గదిలో కూర్చుంటే ఒక అధ్యక్షుడు తయారవుతాడు. అందుకే 'అధ్యక్షుడు' అన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. సంఘంలో సభ్యులు ఎవరు, వాళ్ళను ఏ అర్హత చూసి చేర్చుకున్నారు, లెక్కలు ఎవరి ముందు పెట్టారు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అంతకుముందు ఏ కుర్చీల్లో కూర్చున్నారు అన్నవి అడిగితేనే సంగతి తెలుస్తుంది.

ఈ దేశంలో సైకాలజీ కూడుకుని సంఘంగా మారింది కలకత్తాలో. 1916లో అక్కడి విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ మొదలైంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ సంఘం పెట్టారు. 1924లో ఇండియన్ సైకలాజికల్ అసోసియేషన్ వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు తమకంటూ వేరే సంఘం పెట్టుకోవడానికి 1968 దాకా పట్టింది. మనోవైద్యుల ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 1947లోనే పుట్టింది. ఈ ఇరవై ఒక్క ఏళ్ళ వెనకబాటు చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. డాక్టరుగారు చీటీ రాసి పంపితే ఐక్యూ పరీక్ష చేసి కాగితం ఇచ్చే మనిషిగానే సైకాలజిస్టును చూసే అలవాటు ఇంకా పోలేదు. సంఘంలో పైకి వచ్చేవాళ్ళు మోసుకొచ్చే మొదటి కోరిక చాలాసార్లు ఈ గుర్తింపే. అందులో తప్పు లేదు. అయితే ఆ కోరిక దగ్గరే ఆగిపోయిన సంఘాల్లో శాలువాలు, జ్ఞాపికలు, సావనీర్లు మిగులుతాయి. ఫిర్యాదుల పుస్తకం మాత్రం ఖాళీగా ఉంటుంది.

నాయకత్వానికి వెళ్ళే దారుల్లో ఒకటి విశ్వవిద్యాలయం గుండా పోతుంది. కృష్ణా డెల్టాలో పుట్టిన కోనేరు రామకృష్ణారావు (1932–2021) దానికి పెద్ద ఉదాహరణ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అతీంద్రియ శక్తుల మీద పరిశోధన చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి వాల్తేరులో సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల అధ్యయనం) శాఖను నిలబెట్టారు. 1957లో ఏర్పడిన అంతర్జాతీయ పారాసైకలాజికల్ అసోసియేషన్‌కు మూడుసార్లు అధ్యక్షులయ్యారు, మొదటిసారి 1965లోనే. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, భారత తత్వశాస్త్ర పరిశోధన మండలి అధ్యక్షులు, 2011లో పద్మశ్రీ. పారాసైకాలజీని చాలామంది సైకాలజిస్టులు శాస్త్రంగా ఒప్పుకోరు, ఆ వాదన వేరు. ఇక్కడ చూడాల్సింది ఆయన నడిచిన క్రమం: పరిశోధన, పత్రిక సంపాదకత్వం, ఒక శాఖ, ఆ శాఖలో తయారైన శిష్యులు. ఆ నాలుగూ ఉంటే సంఘం తనే వెతుక్కుంటూ వస్తుంది.

బెజవాడలో ఒక గది అద్దెకు తీసుకుని పొద్దున పదింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా కేసులు చూసుకునే సైకాలజిస్టుకు ఆ దారి లేదు. శాఖ లేదు, శిష్యగణం లేదు, సదస్సుకు వెళ్ళిన రోజు ఆదాయమూ లేదు. వీళ్ళ దారి ఇంకో రకంగా సాగుతుంది. ముందు సభ్యత్వం. తర్వాత ఎవరో ఒకరు ఆదివారం వర్క్‌షాపుకు కుర్చీలు వేయించే పని అప్పగిస్తారు. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నిలుపుకోవాలంటే సీఆర్ఈ పాయింట్లు (వృత్తిలో ఉంటూ కొత్తది నేర్చుకున్నందుకు వచ్చే పాయింట్లు) కావాలి, అవి వచ్చే కార్యక్రమం పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి, హాజరు పట్టీ సరిగ్గా ఉంచాలి. ఈ పనులు తెలిసిన మనిషి కార్యవర్గంలోకి వస్తారు. కోశాధికారిగా ఒకటి రెండేళ్ళు. అప్పుడు కార్యదర్శి.

అసలు పరీక్ష ఈ కార్యదర్శి పదవే. అధ్యక్షుల పేరు ఆహ్వాన పత్రిక మీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. సంఘం మాత్రం కార్యదర్శి చేతిరాతలో బతుకుతుంది. సర్వసభ్య సమావేశం నోటీసు గడువులోపు వెళ్ళిందా, కోరం ఉందా, పోయినసారి తీర్మానం మీద ఏం చేశారు, కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ కార్యాలయానికి చేరిందా, ఆడిట్ అయిందా. వీటిలో ఒక్కటి జారినా రేపు గొడవ వచ్చినప్పుడు సంఘం జిల్లా కోర్టు మెట్ల మీద నిలబడాల్సి వస్తుంది. మనుషుల మనసులు చదవడం వృత్తిగా ఉన్నవాళ్ళకు ఈ కాగితాల పని నచ్చదు. నచ్చకపోయినా ఓపిగ్గా చేసినవాళ్ళనే సభ్యులు గుర్తుపెట్టుకుంటారు.

కార్యదర్శి దగ్గరకు వచ్చే దరఖాస్తుల్లో అన్నిటికన్నా బరువైనది సభ్యత్వ దరఖాస్తు. ఎమ్మే డిగ్రీ దూరవిద్యలో, అనుభవం ఒక స్వచ్ఛంద సంస్థలో, ఎంఫిల్ లేదు. మనిషి మంచివారు, ఊళ్ళో పేరుంది, పది మందికి మేలు చేశారు. చేర్చుకుంటే సంఘం బలపడుతుంది, ఓట్లు పెరుగుతాయి. రేపు ఆయన విజిటింగ్ కార్డు మీద సంఘం పేరు పడుతుంది, తెనాలి నుంచి వచ్చిన తల్లి ఆ పేరు చూసి లోపలికి వెళ్తుంది. ఇక్కడ ఏం చేయాలి? పూర్తి సభ్యత్వం, సహ సభ్యత్వం, విద్యార్థి సభ్యత్వం అని వేరువేరు తరగతులు పెట్టి, ఎవరు ఏ తరగతో పైకి కనిపించేలా చేయడమే న్యాయమైన పద్ధతి. కాదన్నవాళ్ళకు కాదని ఎందుకన్నారో రాతపూర్వకంగా చెప్పడం అందులో భాగం. ఎన్నికలకు ముందు నెలలో సభ్యత్వాలు గుత్తగా చేర్చుకునే సంఘంలో ఈ పద్ధతి నిలవదు. సభ్యత్వాన్ని వడపోయడానికి భయపడిన కార్యదర్శి అధ్యక్షులయ్యాక ఇంకా ఎక్కువ భయపడతారు, ఎందుకంటే ఆ కుర్చీ అలా చేరినవాళ్ళ ఓట్ల మీదే నిలిచి ఉంటుంది.

సైకాలజిస్టుకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. ఇంజనీర్ల సంఘంలో, వర్తకుల సంఘంలో ఇది కనిపించదు. క్లినికల్ శిక్షణ అంతా సూపర్‌విజన్ మీద నడుస్తుంది. శిక్షణలో ఉన్నవాళ్ళు తమ కేసులతో పాటు తమ భయాలను, పొరపాట్లను, కొన్నిసార్లు సొంత ఇంటి బాధలను కూడా సూపర్‌వైజర్ ముందు పెట్టాల్సి వస్తుంది. ఆ సూపర్‌వైజరే సంఘం ఎన్నికల్లో అభ్యర్థి అయితే, ఆ శిష్యులే ఓటర్లయితే? విజయవాడ, గుంటూరు, మంగళగిరి, తెనాలి కలిపి చూసినా ఈ వృత్తిలో మనుషులు తక్కువ. అందరికీ అందరూ తెలుసు. తనకు చికిత్స చేసిన సైకాలజిస్టు తర్వాత తన సహోద్యోగి కావడం, ఒకే ప్యానెల్లో పోటీ చేయడం ఇంత చిన్న వృత్తిలో అసాధ్యం కాదు. ఒక మనిషితో రెండు సంబంధాలు పెట్టుకోకూడదని ఈ వృత్తి నీతి చెబుతుంది. చిన్న ఊళ్ళలో ఆ నియమాన్ని అక్షరాలా పాటించడం దాదాపు కుదరదు. కుదిరేది ఏమిటంటే: ప్రస్తుతం తన దగ్గర శిక్షణలో ఉన్నవాళ్ళ మద్దతు అడగకపోవడం, తన శిష్యుల మీద వచ్చిన ఫిర్యాదు విచారణలో కూర్చోకపోవడం, గతంలో తన దగ్గర చికిత్స పొందిన మనిషి విషయం చర్చకు వస్తే కారణం చెప్పకుండా బయటకు వెళ్ళిపోవడం. కారణం చెబితే గోప్యత పోతుంది. చెప్పకపోతే 'తప్పించుకున్నాడు' అన్న మాట పడాలి. ఆ మాట పడడానికి సిద్ధపడేవాళ్ళే ఆ కుర్చీకి తగినవాళ్ళు.

వినే నేర్పు సంగతి కూడా చూడాలి. మంచి సైకాలజిస్టు వింటారు, తీర్పు చెప్పరు, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా మౌనంగా ఉంటారు. కార్యవర్గ సమావేశంలో ఇది సగం వరం, సగం శాపం. అలిగిన సభ్యులను మళ్ళీ కూర్చోబెట్టడానికి పనికొస్తుంది. రెండు గంటలు విని, అందరి బాధా అర్థమైందని చెప్పి, నిర్ణయం తీసుకోకుండా లేచిపోవడానికీ పనికొస్తుంది! నాయకులుగా ఎదిగినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఈ అలవాటును మార్చుకోక తప్పదు. ఆ మార్పు నొప్పి కలిగిస్తుంది. కౌన్సెలింగ్ గదిలో ఎదుటి మనిషి ఒక్కరే. ఇక్కడ ఒకరి మాట నెగ్గితే ఇంకొకరి మాట ఓడిపోతుంది, ఓడినవారు రేపు కేసు రిఫర్ చేయడం మానేస్తారు.

టీవీ గురించి ఒక మాట. పరీక్షా ఫలితాల రోజుల్లో, ఏదైనా దారుణం జరిగిన మర్నాడు స్టూడియోలకు ఒక సైకాలజిస్టు కావాలి. తరచూ కనిపించే ముఖం సంఘంలోనూ త్వరగా పైకి వస్తుంది. ప్రజలకు మానసిక ఆరోగ్యం గురించి చెప్పడం అవసరమైన పనే. తను ఎన్నడూ చూడని మనిషి మనసును కెమెరా ముందు విప్పి చెప్పడం మాత్రం ఈ వృత్తికి చేటు. చనిపోయిన పిల్ల తల్లిదండ్రులు ఆ కార్యక్రమాన్ని చూస్తూ ఉంటారన్న సంగతి స్టూడియోలో గుర్తుండదు.

బయటి దేశాల అనుభవంలోంచి మూడు సంగతులు ఇక్కడ పనికొస్తాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1892లో మొదలైంది. పదమూడేళ్ళకు, 1905లో, మేరీ విటన్ కాల్కిన్స్ దానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. హార్వర్డ్‌లో డాక్టరేటుకు కావలసిన పనంతా పూర్తి చేసినా, ఆడమనిషి అన్న కారణంతో ఆ విశ్వవిద్యాలయం ఆమెకు పట్టా ఇవ్వలేదు. ఆడపిల్లల కళాశాల రాడ్‌క్లిఫ్ పేరు మీద ఇస్తామంటే ఆమె వద్దన్నారు. విశ్వవిద్యాలయం ఇవ్వని గౌరవాన్ని తోటి వృత్తివాళ్ళు ఇచ్చారు. మన దగ్గర సైకాలజీ తరగతుల్లో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తారు. వేదిక మీద కుర్చీల్లో ఆ లెక్క ఎందుకు తలకిందులవుతుందో ప్రతి సంఘమూ తన సొంత ఫొటోలు తీసి చూసుకోవచ్చు.

రెండోది కెన్నెత్ క్లార్క్ సంగతి. భార్య మేమీ క్లార్క్‌తో కలిసి నల్లజాతి పిల్లలకు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ చూపించి ఏది మంచిదని అడిగిన పరిశోధన ఆయనది. పాఠశాలల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఆయన పని ప్రస్తావనకు వచ్చింది. ఆ తర్వాత పదిహేడేళ్ళకు, 1971లో, ఆయన అదే అమెరికన్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. సామాజిక, నైతిక బాధ్యతలు చూసే ఒక విభాగం సంఘంలో ఏర్పడడానికి కారకుడయ్యారు.

మూడోది చేదు అనుభవం. ఖైదీల విచారణల్లో సైకాలజిస్టులు పాల్గొనడం మీద నియమాలు బిగుసుకోకుండా ఉండేలా అదే సంఘం పెద్దలు కొందరు అమెరికా రక్షణ శాఖతో కుమ్మక్కయ్యారని 2015లో ఒక స్వతంత్ర విచారణ తేల్చింది. నూట ఇరవై ఏళ్ళు దాటిన సంఘం, ఎన్నికలు, కమిటీలు, నీతి నియమావళి అన్నీ ఉన్నాయి. అయినా జరిగింది. అదే ఏడాది సంఘం మండలి ఆ పనిని నిషేధిస్తూ ఓటేసింది. ప్రభుత్వానికి దగ్గరగా మసలడమే నాయకత్వమని అనుకునే ఏ సంఘానికైనా ఈ కథ తెలిసి ఉండాలి.

ఆ సంఘంలో అధ్యక్ష పదవి మూడేళ్ళ ప్రయాణం. ఎన్నికైన మొదటి ఏడాది కాబోయే అధ్యక్షులుగా నేర్చుకోవాలి, రెండో ఏడాది పదవి, మూడో ఏడాది మాజీగా కొత్తవారికి తోడుండాలి. మన జిల్లా సంఘాలకు ఇది బాగా సరిపోతుంది. ఇక్కడ పదవి మారగానే పాతవారు దూరమవడం, కొత్తవారు బ్యాంకు సంతకాల మార్పుతోనే ఆరు నెలలు గడిపేయడం మామూలైపోయింది.

ఇప్పుడు విజయవాడ, గుంటూరుల్లో ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళ ముందు ఏముంది? 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు అన్నిటికన్నా పెద్దవి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో, వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సామాజిక కార్యకర్తను నియమించుకోవాలని కోర్టు చెప్పింది. కోచింగ్ కేంద్రాలకూ ఇది వర్తిస్తుంది. నిడమానూరు, గూడవల్లి, పోరంకి వైపు హాస్టల్ భవనాలు ఎన్ని ఉన్నాయో చూసినవాళ్ళకు ఈ ఒక్క వాక్యం ఎంత పనో అర్థమవుతుంది. అంతమంది అర్హులు లేరు. ఖాళీ ఉన్నచోట ఎవరో ఒకరిని కూర్చోబెడతారు: డిగ్రీ ఉన్న లెక్చరరునో, వార్డెన్‌నో, వారాంతపు కోర్సు చేసినవారినో. 'అర్హత గల' అన్న మాటకు అర్థం చెప్పే పని సంఘం చేయకపోతే కాలేజీ యాజమాన్యమే చెప్పుకుంటుంది. కౌన్సెలర్ జీతం ఇచ్చేది యాజమాన్యం. పిల్లవాడు చెప్పింది ప్రిన్సిపాల్‌కు చేరకూడదు. ఈ రెంటి మధ్య నలిగే పాతికేళ్ళ కౌన్సెలర్‌కు వెనక నిలబడి 'ఆ నోటు పుస్తకం అడిగే హక్కు మీకు లేదు' అని ఉత్తరం రాయగలిగిన అధ్యక్షులు కావాలి.

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల సంగతి ఇంతకన్నా తక్కువ మాట్లాడతారు. మేధో వైకల్యం ధ్రువపత్రం కోసం పిల్లలను ఎత్తుకుని గుంటూరు జీజీహెచ్‌కు వచ్చే తల్లుల పింఛను ఒక ఐక్యూ అంకె మీద ఆధారపడి ఉంటుంది. పరీక్షలు చాలావరకు పాతవి. తెలుగు పల్లె పిల్లల మీద ప్రమాణీకరించినవి చాలా అరుదు. పల్నాటి యాసలో సమాధానం చెప్పిన పిల్లవాడికి మార్కు ఎలా వేయాలో పుస్తకంలో ఉండదు. తెలుగు ప్రమాణాలు తయారు చేయడం ఒక్క క్లినిక్‌తో అయ్యే పని కాదు. నాగార్జున విశ్వవిద్యాలయం లాంటి చోట పరిశోధకులు, ఆసుపత్రుల్లో పరీక్షలు చేసేవాళ్ళు, ప్రత్యేక పాఠశాలల టీచర్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే అవుతుంది. వాళ్ళను కూర్చోబెట్టగలిగేది సంఘమే.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు పాలు, మంచినీళ్ళు, మందులు పడవల్లో వెళ్ళాయి. నీళ్ళు తీశాక వచ్చిన నిద్రలేమి, వాన చప్పుడు వింటే ఉలిక్కిపడే పిల్లలు, బురదలో పోయిన కాగితాల కోసం ఏడ్చే పెద్దవాళ్ళు నెలల తరబడి ఉండే సంగతి. అలాంటి రోజున ఎవరిని ఎక్కడికి పంపాలో చెప్పే జాబితా ముందే ఉండాలి. సభ్యుల పేర్లు, ఫోన్లు, ఎవరికి విపత్తు పనిలో శిక్షణ ఉందన్న వివరం. వరద వచ్చాక తయారుచేసే జాబితా వరద తగ్గాక పూర్తవుతుంది. 2022 నుంచి ఉన్న టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను, 14416 నంబరు, ఆపద సమయంలో మంచి ఆసరా, కానీ ఫోను కూడా నీళ్ళలో పోయిన మనిషి దగ్గరకు మనిషే వెళ్ళాలి.

రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఒక క్లినికల్ సైకాలజిస్టు సభ్యులుగా ఉండాలని 2017 చట్టం చెబుతోంది. సంఘంలో పనిచేసినవాళ్ళకు ఆ కుర్చీ సహజమైన తర్వాతి మెట్టుగా కనిపిస్తుంది. అక్కడ ఒక్కరే సైకాలజిస్టు, చుట్టూ అధికారులు, మనోవైద్యులు, ఇతర వృత్తులవాళ్ళు. మినిట్స్ పుస్తకంతో ఏళ్ళు గడిపిన మనిషికి ఆ గదిలో ఏ కాగితం ఎప్పుడు అడగాలో తెలుసు.

పదవి చేతులు మారే రోజున విజయవాడలో ఏదో ఒక హోటల్ మీటింగ్ హాలులో దండలు వేస్తారు, ఫొటోలు తీస్తారు. ఆ రోజు పాతవారి నుంచి కొత్తవారికి అందాల్సినవి మాత్రం ఇవి: మినిట్స్ పుస్తకం, ఆడిట్ అయిన లెక్కలు, తరగతుల వారీగా సభ్యుల జాబితా, తిరస్కరించిన దరఖాస్తులు కారణాలతో సహా, విచారణలో ఉన్న ఫిర్యాదుల సీల్డు కవర్లు, సీఆర్ఆర్ నంబర్లతో తెలుగులో అచ్చేసిన సైకాలజిస్టుల పేర్ల పట్టిక. ఆ పట్టిక ఒక ప్రతి పండిట్ నెహ్రూ బస్టాండులో విచారణ కౌంటరు పక్కన అంటించి ఉంటే, తెనాలి బస్సు దిగిన తల్లి సూర్యారావుపేటలో ఏ మెట్లెక్కాలో అక్కడే చూసుకుంటుంది.